ఆరు వారాల గడువుకు దొడ్డిదారి

చట్టసభ సమావేశాల్లో లేదు, పరిస్థితేమో ఆగేలా లేదు. అలాంటప్పుడు వాడుకోమని రాజ్యాంగం 123వ అధికరణలో కేంద్రానికి, 213వ అధికరణలో రాష్ట్రాలకు ఆర్డినెన్స్, అంటే సభ ఆమోదం లేకుండానే అమల్లోకి వచ్చే తాత్కాలిక చట్టం తెచ్చే వీలు కల్పించింది. ఒక గడువు కూడా పెట్టింది. సభ మళ్లీ కొలువుదీరాక ఆరు వారాల్లో దాన్ని చట్టంగా మార్చుకోకపోతే అంతటితో అది చెల్లదు. ప్రభుత్వం ఒక్కటే కూర్చుని చట్టాలు రాసేసుకోకుండా అడ్డుపడేది ఈ ఆరు వారాలే.

మరి గడువు తీరగానే అదే ఆర్డినెన్స్‌ను అక్షరం మార్చకుండా మళ్లీ జారీ చేస్తే? బిహార్‌లో అదే చేశారు. 1967 నుంచి 1981 దాకా 256 ఆర్డినెన్సులు తెచ్చి, వాటిలో 69టిని మళ్లీ మళ్లీ జారీ చేస్తూ బతికించారు, చెరకుకు సంబంధించినదైతే దాదాపు 14 ఏళ్లు నడిచింది. 1981 జులైలో సభ ప్రొరోగ్ అయిన, అంటే ఆ విడత సమావేశాలు అధికారికంగా ముగిసిన మర్నాడే శాఖలన్నిటికీ ఒక సర్క్యులర్ వెళ్లింది: ఫలానా తేదీకి ఆర్డినెన్సుల గడువు తీరుతోంది, ఆలోపు మళ్లీ జారీ చేయించుకోండి, మార్పులేమీ లేకపోతే మంత్రిమండలి ఆమోదం కూడా అక్కర్లేదు అని. ఎమ్మెల్యేల సంగతి సరే, మంత్రులు కూడా చూడనక్కర్లేదన్నమాట! పుణెకు చెందిన ఆర్థికశాస్త్ర ఆచార్యుడు డి.సి.వాధ్వా ఈ లెక్కలన్నీ తవ్వి తీసి సుప్రీంకోర్టుకు వెళ్తే, ఇది రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని 1986లో ధర్మాసనం తేల్చింది.

మూడేళ్లు తిరిగేసరికి అదే బిహార్ 429 ప్రైవేటు సంస్కృత పాఠశాలలను ఆర్డినెన్స్‌తో స్వాధీనం చేసుకుని, దాని వెనుక మరికొన్ని తెచ్చింది, ఒక్కదాన్నీ సభ ముందు పెట్టలేదు. చివరికి అన్నీ మురిగిపోయాయి. ఇక సర్కారీ ఉద్యోగులమే అనుకున్న పంతుళ్లు కోర్టుల చుట్టూ తిరిగారు. సభ ముందు పెట్టడం తప్పనిసరని ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పేసరికి 2017 వచ్చింది.

ఇదేదో ఒక్క బిహార్ జబ్బు కాదు. భూసేకరణ ఆర్డినెన్స్‌ను 2015లో మళ్లీ జారీ చేయడానికి బడ్జెట్ సమావేశాల మధ్యలోనే రాజ్యసభను ప్రొరోగ్ చేశారు. లోక్‌సభలో బిల్లు నెగ్గింది, రాజ్యసభలో బలం లేదు, కాబట్టి ఆ సభే సమావేశాల్లో లేకుండా చూసుకున్నారు. మా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. బలం లేకపోవడం అత్యవసర పరిస్థితి ఎలా అవుతుంది? విపక్షాలు సభను సాగనివ్వడం లేదు, మేమేం చేయాలి అంటారు పాలకులు. సభ సాగకపోతే సాగేలా చూడటం, ఒప్పించడం, అవసరమైతే బిల్లు మార్చుకోవడం ప్రభుత్వం పని. ప్రజలు మెజారిటీ ఇచ్చింది సభలో గెలవడానికి, సభను తప్పించుకోవడానికి కాదు. ఏ పార్టీ గద్దె మీదున్నా మేం ఇదే అడుగుతాం.

కోర్టు తీర్పు వచ్చేలోపు ఏళ్లు గడిచిపోతాయి, కాబట్టి ముందే ఆపాలి. మంత్రిమండలి సలహాను ఒకసారి వెనక్కి పంపి పునరాలోచించమనే హక్కు రాష్ట్రపతికి ఉంది. రెండోసారి వచ్చే ఆర్డినెన్స్ ఫైలు మీద దాన్ని వాడాలి. ఆర్డినెన్స్ ఎందుకు అవసరమైందో వివరణ ఇవ్వాలని లోక్‌సభ నిబంధనల్లోనే ఉంది. దాన్ని కాగితం పెట్టేసి వదిలేయకుండా, బిల్లు కంటే ముందు చర్చకు తేవాలి, స్పీకర్ అందుకు పట్టుబట్టాలి.