రహస్య అల్మరా ప్రారంభోత్సవం

నగలు దాచుకోవడానికి బీరువా చాలనుకున్న అమాయకపు రోజులు హైదరాబాదులో పోయాయి. కోకాపేట వైపు ఫ్లాటు కొన్నవాళ్లు ఇప్పుడు దాచడానికీ చూపించడానికీ కలిపి ఒకే అల్మరా చేయించుకుంటున్నారు. నగలు కనపడకూడదు, దాచారన్న సంగతి మాత్రం నలుగురికీ తెలియాలి. ఇంటీరియర్ డిజైనర్ల మేధస్సంతా ప్రస్తుతం ఈ సమస్య మీదే ఖర్చవుతోంది.

మొన్న ఒక గృహప్రవేశంలో ఆ దర్శనభాగ్యం నాకూ కలిగింది. వ్రతం ప్రసాదం చేతిలో పడకముందే "వదినగారూ, ఒక్కసారి లోపలికి రండి" అని పిలుపు. బెడ్‌రూమ్‌లో నిలువుటద్దం. పక్కన ఎక్కడో వేలితో నొక్కగానే అద్దం తలుపులా తెరుచుకుంది, లోపల లైట్లు వాటంతటవే వెలిగాయి. వెల్వెట్ మెడల మీద హారాలు, వడ్డాణానికి నడుము వంపు తిరిగిన స్టాండు, గాజులకి గుండ్రటి దిండ్లు, బుట్టకమ్మలకి గళ్ల సొరుగు. "ఇది ఇక్కడుందని ఎవ్వరికీ తెలీదండీ" అని గుసగుసగా చెప్పిందావిడ. మేం అబ్బో అన్నాం. అద్దం మూసుకుంది. రెండో బ్యాచ్ వచ్చింది. మళ్లీ నొక్కుడు, మళ్లీ లైట్లు, మళ్లీ అదే గుసగుస. నాలుగో బ్యాచ్‌లో, సంభావన కోసం కూర్చున్న పంతులుగారిని కూడా లేవదీసుకొచ్చారు. సరిగ్గా అప్పుడే అద్దం మొరాయించింది. ఇంటాయన టెన్షన్ పడిపోయి కార్పెంటర్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాడు. "సార్, కింద ఎడమ మూల మోకాలితో ఒక్క గుద్దు గుద్దండి" అన్న మాట హాల్లో భోజనాలు చేస్తున్నవాళ్లందరికీ వినపడింది. గుద్దారు. తెరుచుకుంది. పంతులుగారు అక్షింతలు వేశారు.

ఇంతా చేస్తే లోపలున్నది వన్‌గ్రామ్ గోల్డ్. అసలువి బ్యాంకు లాకర్లో ఉన్నాయి. నిజమైనదంటూ ఉన్నది ముత్యాల దండ ఒక్కటే, దాన్ని తీసుకెళ్లి లైటు కింద వేలాడదీశారు. వేడికీ పొడిగాలికీ ముత్యం కళ తప్పుతుందని పత్తర్‌గట్టీలో ఏ ముత్యాల కొట్టువాణ్ణి అడిగినా చెబుతాడు.

నిజాములకి పాపం ఈ సౌకర్యం లేదు. 184.75 క్యారట్ల జాకబ్ వజ్రం ఆరో నిజాం జోడు ముందుభాగంలో దొరికిందనీ, కొడుకు ఉస్మాన్ అలీఖాన్ దాన్ని కాగితాలు ఎగిరిపోకుండా బరువు పెట్టుకున్నాడనీ చెబుతారు. ఆ జోడుకి చప్పుడు లేకుండా మెల్లగా మూసుకునే సాఫ్ట్‌క్లోజ్ కూడా లేదు. 1995లో కేంద్రం 218 కోట్లు పెట్టి నిజాం నగలు కొని రిజర్వు బ్యాంకు ఖజానాలో పడేసింది. ఒక్క డిజైనర్నీ సంప్రదించినట్టు లేదు.

సరే, ఆ అద్దం రోజూ తుడిచేదెవరు? పనమ్మాయి. వెల్వెట్ మీద దుమ్ము దులిపేదీ ఆమే. ఊరందరికీ తెరిచి చూపించిన అల్మరాలో ఒక బుట్టకమ్మ కనపడకపోతే గుర్తొచ్చేది మాత్రం ఆమె ఒక్కతే! నాలుగు బ్యాచ్‌ల చుట్టాల్లో ఒక్కరినీ అడగలేదు. గేటు దగ్గర ఆమె సంచీ బోర్లించారు. టిఫిన్ డబ్బా మూత తీసి అన్నం కెలికి చూశారు. అన్నం! సిగ్గుండక్కర్లేదూ? లక్షలు పోసి ఎగ్జిబిషన్ పెట్టుకున్నది మీరు, దొంగతనం అంటగట్టేది మీ గచ్చు తుడిచే మనిషికా? అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆమె ఫొటో పెట్టి "జాగ్రత్త" అని కూడా రాశారు.

కమ్మ సాయంత్రానికల్లా దొరికింది, గళ్ల సొరుగు వెనక సందులో. డిజైనరు వచ్చి అక్కడో పట్టీ కొట్టించి వేరే బిల్లు వేసింది. ఇంటాయన గంటసేపు బేరమాడి తగ్గించుకున్నాడు. గ్రూపులో ఆ ఫొటో తీసెయ్యాలని మాత్రం ఎవరికీ తోచలేదు.