పుట్టిన రోజే హ్యామ్‌స్టర్ పిల్లలను చేతిలోకి తీసుకోమనే సలహా సరికాదు

కాకినాడ, భీమవరం, కోనసీమ ప్రాంతాల్లో ఎలుకలాంటి చిన్న పెంపుడు జంతువులైన హ్యామ్‌స్టర్లను పెంచేవారి వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పిల్లలను పుట్టిన రోజు నుంచే అరచేతిలోకి తీసుకుంటే మచ్చికవుతాయని, తల్లి వాటిని తినేస్తుంది గనుక వేరుచేసి ఆవుపాలు పట్టాలని, పైన బల్బు వెలిగించి, పంజరం రోజూ కడగాలని అందులో ఉంది.

సిరియన్ హ్యామ్‌స్టర్ సుమారు 16 రోజులు మోసి ఈనే పిల్లలకు వెంట్రుకలు ఉండవు, కళ్లు తెరవడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఆ లోపు మన చేయి తగిలినందువల్ల వాటికి ఒరిగేదేమీ లేదు గానీ, గూటిలో కొత్త వాసన పసిగట్టిన తల్లి మాత్రం బెదిరిపోతుంది.

తల్లి పిల్లలను తినడం అబద్ధం కాదు. కానీ ఆ పనికి దాన్ని పురికొల్పేది ఎక్కువగా బెదురు, తిండి లేదా నీటి కొరత. తొలి ఈతలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందువల్ల విడదీయడం కాక, ఉడికించిన గుడ్డు ముక్క, అదనపు గింజలు, నిండుగా నీళ్లు ఇచ్చి దాని జోలికి పోకుండా ఉండడమే మందు. పిల్ల తల్లి నోట్లో కనిపించినంత మాత్రాన తింటోందని అనుకోకూడదు. బెదిరినప్పుడు అది పిల్లలను బుగ్గ సంచుల్లో పెట్టుకుని చోటు మారుస్తుంది. కంగారుపడి లాగబోతే ముప్పు మన వల్లే వస్తుంది.

ఆవుపాలు తల్లిపాలకు సాటిరావు, పైగా డ్రాపర్‌తో పోసిన చుక్క ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తల్లి పాలిస్తోందా అన్న అనుమానం ఉంటే దూరం నుంచి చూడండి: కడుపు నిండిన పిల్ల పొట్టలో, పలచని చర్మం కింద, పాలు తెల్లటి మచ్చలా కనిపిస్తాయి.

బల్బు సలహా బహుశా అనపర్తి వైపు కోళ్లఫారాల నుంచి వచ్చి ఉంటుంది. అక్కడి కోడిపిల్లలకు తల్లి ఉండదు గనుక బల్బు కావాలి. వీటికి తల్లి ఒళ్లే వెచ్చదనం. మన వేసవి ఉక్కపోతలో బల్బు కూడా పెడితే తల్లి వేడికి తాళలేక గూడు వదిలేస్తుంది.

కడగడం రెండు వారాలు మానాలి. గూటికి దూది, కొబ్బరిపీచు వేయవద్దు, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి. వాసన లేని టిష్యూ కాగితం చింపి వేస్తే చాలు. పిల్ల గూటి బయట పడిపోతే, తల్లి తింటున్నప్పుడు, గూటి కాగితంలో పొర్లించిన శుభ్రమైన చెంచాతో లోపలికి చేర్చాలి.

కళ్లు తెరిచాకే, తల్లి పక్కన లేనప్పుడు, కాసేపు చేతిలోకి తీసుకోవచ్చు. నాలుగు వారాలు నిండేలోగా మగ, ఆడ పిల్లలను వేరుచేయాలి. ఆ వెంటనే అవి చూలు కట్టే వయసుకు వస్తాయి.