ఎముకలో ఉండేదే అయితే సేఫేనా?

వాట్సాప్‌లో ఒకటి తెగ తిరుగుతోంది: "హైడ్రాక్సీఅపటైట్ మన ఎముకలో ఉండేదే, దాన్ని నానో పౌడర్ చేసి వెండి డోప్ చేస్తే బ్యాక్టీరియా చస్తుంది, మన కణాలకి ఏం కాదు, ల్యాబ్ టెస్ట్ కూడా పాసైంది, 100% సేఫ్" అని. హైడ్రాక్సీఅపటైట్ (పొట్టిగా అపటైట్) అంటే కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఖనిజం, డోప్ చేయడమంటే అందులో వేరే మూలకాన్ని కొద్దిగా కలపడం. ఒక్కోటి చూద్దాం.

ఎముకలో ఉండేదే అన్నది సగం నిజం. ఎముకలో అపటైట్‌లో కార్బొనేట్, సోడియం, మెగ్నీషియం కలిసే ఉంటాయి, ఒకరకంగా అదీ డోపింగే, కానీ అందులో వెండి లేదు కదా. పైగా అక్కడ అది కొల్లాజెన్ అనే ప్రోటీన్‌లో ఇరుక్కుని ఉంటుంది, విడి పొడిలా తిరగదు.

వెండి బ్యాక్టీరియానే చంపుతుందట! వెండి అయాన్లు పట్టుకునేది ప్రోటీన్లలో ఉన్న సల్ఫర్‌ని, అది వాటికీ ఉంది మనకీ ఉంది. డోసు తక్కువైతే క్రిమి చావదు, ఎక్కువైతే ఎముక కట్టే కణాలే పోతాయి, మధ్యలో ఉన్న సందు ఎంతో కొలవాలి.

"అయాన్లు మెల్లగానే వస్తాయి" అని కూడా రాశారు, అసలు తిరకాసు ఇక్కడే. రక్తం pH 7.4 దగ్గర అపటైట్ దాదాపు కరగదు, ఒప్పుకుంటా. కానీ నానో రేణువుని మాక్రోఫేజ్ (ఒంట్లో చెత్తని మింగే రక్షక కణం) మింగేస్తుంది, మింగి లైసోజోమ్‌లో, అంటే తన లోపల ఉన్న జీర్ణ సంచిలో పడేస్తుంది, అక్కడ pH 4.5–5, అంటే ఆమ్లం, అపటైట్‌కి ఆమ్లం పడదు (పళ్లు పుచ్చేదీ అందుకే), గబగబా కరిగి కాల్షియంతో పాటు వెండి మొత్తం ఆ ఒక్క కణం లోపలే దిగిపోతుంది. అదే పదార్థం పెద్ద ఇంప్లాంట్‌గా ఉంటే ఏ కణమూ మింగలేదు.

ఇక టెస్ట్ పాస్ సంగతి. ISO 10993-5 (వైద్య పరికరాలు కణాలకి హాని చేస్తాయా అని చూసే అంతర్జాతీయ ప్రమాణం) లెక్కలో కణాల వయబిలిటీ, అంటే బతికున్న కణాల శాతం, 70% కంటే తగ్గితేనే సైటోటాక్సిక్ (కణాలకి విషం) అంటారు, 75% ఉన్నా పాసే. అదీ ఆ డోసుకి, ఆ కణాలకి మాత్రమే. ఇంకోటి, MTT టెస్ట్‌లో బతికున్న కణాలు ఒక రంగు మందుని ఊదాగా మారుస్తాయి, ఆ ఊదారంగు ఎంత వచ్చిందో 570 నానోమీటర్ల దగ్గర చదువుతారు, రేణువులు మిగిలిపోయి వెలుతురుని చెదరగొడితే రీడింగ్ పెరిగి చచ్చిన కణాలు కూడా బతికినట్టే కనిపిస్తాయి. కణాలు లేకుండా ఉత్త పౌడర్‌తో కంట్రోల్ పెట్టారా అని అడగండి.

ఆకారం కూడా ముఖ్యమే. టూత్‌పేస్ట్‌లో వాడే నానో అపటైట్ మీద యూరప్‌లో కాస్మెటిక్స్ భద్రత చూసే SCCS కమిటీ పొట్టి కడ్డీల్లాంటి రేణువులకి ఓకే చెప్పింది, సూదుల్లాంటి వాటికి చెప్పలేదు. కెమిస్ట్రీ మాత్రం రెండిటిదీ ఒకటే.

అలాగని డోపింగ్ అంతా విషం అనట్లేదు, జింక్, స్ట్రాన్షియం కొద్దిగా వేస్తే ఎముక కణాలు బాగా పెరిగిన ప్రయోగాలు బోలెడున్నాయి. ఆ కొద్దిగా అనేది ఎంతన్నదే కదా ప్రశ్న, ఈ ఫార్వర్డ్‌లో చూస్తే వెండి ఎంత శాతమో కూడా రాయలేదు.