తవిటయ్య: చేటెడు తవుడు ఖరీదు చేసే పేరు

మా చిన్నతాత పేరు తవిటయ్య. పెన్షన్ పని మీద ఆయన్ని ఒకసారి బ్యాంకుకి తీసుకెళ్లాను. కౌంటర్‌లో కుర్రాడు ఫారం చూసి, పేరు పైకే చదివి, పక్కనున్న అమ్మాయి వైపు తిరిగి "తవుడేంటండీ, గేదెలకి పెట్టేదా?" అన్నాడు. చుట్టూ నలుగురూ నవ్వారు. చిన్నతాత కూడా నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది, అదీ ఆ కుర్రాడి మీద కాదు, నా మీద నాకే. ఎందుకంటే అదే జోకు చిన్నప్పుడు నేనూ వేశాను, అర్థం తెలియక ముందు.

ఇప్పుడు ఈ పేరు పెట్టేవాళ్లు దాదాపు లేరు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో అరవై డెబ్భై దాటిన తవిటయ్యలు, తవిటమ్మలు, తవిటినాయుళ్లు కనిపిస్తారు గానీ ఉయ్యాలలో తవిటయ్య కనపడడు. గోదావరి దాటి ఇవతలికి వస్తే చాలామంది ఈ పేరు వినను కూడా వినలేదు. విన్నవాళ్లు తేలిగ్గా ఒక మాట అనేస్తారు, "పాతకాలం వాళ్లు కదా, ఏది తోస్తే అది పెట్టేసేవారు" అని. ఈ మాటే నాకు నచ్చదు. తోచింది పెట్టిన పేరు కాదిది. ఊళ్లో నలుగురి ముందు బేరం చేసి మరీ పెట్టిన పేరు.

ముందు మాట సంగతి. పెరడు–పెరటి, తవుడు–తవిటి. పెరటి చెట్టు అన్నట్టే తవిటి అయ్య. బియ్యం దంపినప్పుడు, మర పట్టించినప్పుడు గింజ మీంచి రాలే పొడి తవుడు, అది పశువుల కుడితిలోకి పోతుంది. మనిషి తినడు. (ఇప్పుడు అదే తవుడు నుంచి తీసిన నూనెని రైస్ బ్రాన్ ఆయిల్ అని గుండెకి మంచిదంటూ సూపర్ మార్కెట్లో కొనుక్కుంటున్నాం. తవుడికి వచ్చిన పరపతి తవిటయ్యకి రాలేదు.)

అమ్మకం సంగతి మా మామ్మ చెప్పగా విన్నదే. చిన్నతాతకి ముందు ముగ్గురు పుట్టి పోయారు, ఒకడు పురిట్లోనే, ఒకతె ఆరో నెలలో, ఇంకొకడు అడుగులు వేస్తున్న వయసులో. నాలుగోవాడు పుట్టగానే వాడికి కొత్త గుడ్డ కట్టలేదు, నుదుట బొట్టు పెట్టలేదు. బొడ్డు కోసిన మంత్రసాని ఇంటికెళ్లి చేటలో తవుడు పోసుకుని వచ్చింది. గడపకి అవతల నిలబడి "తవుడిస్తాను, గుంటడిని ఇస్తావా?" అని గట్టిగా అడిగింది, వీధిలో వాళ్లకి వినపడేలా. లోపల్నుంచి తల్లి "ఇస్తాను, పట్టుకుపో" అంది. మంత్రసాని బిడ్డను చేటలో వేసుకుని వాకిలి దాటింది, నాలుగిళ్ల అవతలి దాకా నడిచింది. కాసేపాగి వెనక్కి వచ్చి "నా బిడ్డని నువ్వు పెంచు, పాలివ్వు" అని ఒళ్లో పెట్టింది. అంతే. ఆ రోజు నుంచి లెక్క ప్రకారం వాడు ఆ ఇంటి బిడ్డ కాదు. తవుడు ఆవుకి పోశారు.

పద్ధతి ఊరికో రకం. కొన్నిచోట్ల తల్లే తవుడిచ్చి తిరిగి కొనుక్కుంటుంది. అసలు కిటుకు మాత్రం ఒకటే. ఆ ఇంటి బిడ్డల కోసం వచ్చే చావు ఈసారి వస్తే, "మా బిడ్డ లేడు, అమ్మేశాం" అని చెప్పడానికి ఊరంతా సాక్ష్యం ఉండాలి. అందుకే గట్టిగా అరిచి బేరం ఆడారు. ఇంత చవగ్గా అమ్ముడుపోయినవాడిని ఎవరు కోరుకుంటారు? ముద్దొచ్చే పిల్లకి బుగ్గ మీద దిష్టి చుక్క ఈ రోజుకీ పెడుతున్నాం, సాఫ్ట్‌వేర్ ఇళ్లలో, అమెరికాలో కూడా. తవిటయ్య అనే పేరు కూడా దిష్టి చుక్కే, కాకపోతే స్నానం చేయిస్తే పోదు.

దీని బంధువులు తెలుగునాట బోలెడు. పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి తీస్తే పెంటయ్య, పెంటమ్మ. తిని పారేసిన విస్తరిని కొన్ని వైపుల పుల్లాకు అంటారు, అందులో దొర్లిస్తే పుల్లయ్య, పుల్లమ్మ. నాలుగిళ్లలో బిచ్చమెత్తి ఆ గింజలతో పెంచామని చెప్పడానికి బిచ్చయ్య, బిచ్చమ్మ. పక్క భాషల్లోనూ ఇదే వరస. తమిళంలో కుప్పై అంటే చెత్త, కుప్పుస్వామి అక్కణ్నుంచే వచ్చింది. ఆ పేరు మోసినవారిలో సంస్కృతంలో మహామహోపాధ్యాయ బిరుదు పొందిన ఎస్. కుప్పుస్వామి శాస్త్రి ఉన్నారు. పిచ్చై అంటే బిచ్చం, గూగుల్ అధిపతి పేరు చివర ఉన్నది ఆ మాటే.

బెంగాల్ సంగతి వింటే మాత్రం తవిటయ్యకి కవలపిల్లాడు దొరికినట్టుంటుంది. 1889లో మిడ్నపూర్ జిల్లాలో ఒక ఇంట్లో అంతకుముందు ఇద్దరు మగపిల్లలు పోయాక ఇంకో కొడుకు పుట్టాడు. వాడిని మూడు గుప్పెళ్ల నూకలకి పెద్దక్కకి అమ్మేశారు. నూకల్ని అక్కడ ఖుద్ అంటారు కాబట్టి వాడు ఖుదీరామ్ అయ్యాడు, అవును, స్వాతంత్ర్య పోరాటంలో ప్రాణమిచ్చిన ఆ ఖుదీరామ్ బోసే. 1908 ఆగస్టు 11న ముజఫర్‌పూర్ జైల్లో బ్రిటిష్ వాళ్లు ఉరి తీసేనాటికి 18 ఏళ్లు. మనం "వాడికింకా భూమ్మీద నూకలున్నాయి" అంటాం కదా, ఆ మాట అన్నప్పుడల్లా నాకు ఈ పిల్లాడే గుర్తొస్తాడు. మరాఠీ వాళ్లలో ఇంకో పద్ధతి ఉంది, మగపిల్లాడికి ముక్కు కుట్టించి ఆడపిల్లలా పెంచడం. రామచంద్ర అని పేరున్న ఒక పిల్లాడు నత్తు పెట్టుకుని తిరిగి నాథూరామ్ అయ్యాడు. గాంధీని చంపి 1949లో ఉరికంబం ఎక్కిన గాడ్సే అతనే. చావుని ఏమార్చడానికి పెట్టిన పేర్లు ఎలాంటి ఎలాంటి మనుషుల్ని పెంచాయో చూడండి.

ఇక్కడ ఒక పొరపాటు సవరించాలి. ఉత్తరాంధ్ర పేరు ఏది వింతగా వినపడినా ఇదే గంపలో వేసేస్తున్నారు కొందరు. నూకరాజు, నూకాలు అనేవి నూకలకి అమ్మిన పేర్లు కావు, అనకాపల్లి నూకాలమ్మ తల్లి పేర్లు. కొత్త అమావాస్య జాతరకి ఒక్కసారి వెళ్లినవాళ్లకి ఆ అనుమానం ఉండదు. అప్పలస్వామి సింహాద్రి అప్పన్న, పైడిరాజు విజయనగరం పైడితల్లి. వీటి వెనక దేవుళ్లున్నారు, తవిటయ్య వెనక ఎవరూ లేరు. ఆ పేరు నిలవకపోవడానికి సగం కారణం ఇదేనని నా లెక్క. బిచ్చం చూడండి, అది భిక్షం అయింది, భిక్షమయ్య అయింది, భిక్షపతి అయ్యేసరికి సాక్షాత్తూ బిచ్చమెత్తిన శివుడే వచ్చి నిలబడ్డాడు, తెలంగాణలో దర్జాగా బతికింది. పెంటయ్యకి ఆ అదృష్టం లేదు. రైతుకి పెంట అంటే పొలానికి తిండి, నల్లమలలో చెంచుల గూడేలనీ పెంటలే అంటారు. కానీ "పెంట పెంట చేశావ్" అనే టౌను భాష ముందు ఇవేవీ నిలవలేదు.

అలాగని ఈ ఆచారాన్ని నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. ఇందులో మింగుడుపడని సంగతి ఒకటుంది. కొనుక్కునేది ఎవరు? మంత్రసాని, చాకలామె, ఊరు తక్కువగా చూసే మనిషి. ఒడిశాలో హాడిబంధు అనే పేరుంది, హాడి అనేది అక్కడ అంటరానిదిగా చూసిన కులం. అంటే "ఆమె చేతికి పోయిన బిడ్డని చావు కూడా ముట్టుకోదు" అనే నమ్మకం మీద నడిచిన బేరం ఇది. బిడ్డ బతకాలంటే ఆమె కావాలి, బతికి పెద్దయ్యాక ఆమె గ్లాసు మాత్రం వేరు. మా చిన్నతాతని కొన్నావిడ పేరు మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, అడిగి చూశాను.

పోనీ ఇది పేదల పేరా, కింది కులాల పేరా అంటే అదీ కాదు. 1934లో లవకుశ తీసిన దర్శకుడు చిత్తజల్లు పుల్లయ్య, ఆ తరంలోనే ఇంకో దర్శకుడు పి. పుల్లయ్య. సామెతలో వేమవరం వెళ్లొచ్చినవాడూ పుల్లయ్యే. పిల్లలు అన్ని ఇళ్లలోనూ పోయేవారు.

ఆ పోవడం తగ్గింది, పేరు తగ్గింది. 1971లో దేశంలో పుట్టిన ప్రతి 1000 మందిలో 129 మంది ఏడాది నిండకుండా చనిపోయారు. 2020కి అది 28, ఆంధ్రప్రదేశ్‌లో 24, తెలంగాణలో 21. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు వచ్చాక తవుడు బేరం అవసరం పడలేదు. ఈ కారణంగా పేరు పోతే నాకు సంతోషమే, ఇంకెవరికీ ఆ పేరు పెట్టాల్సిన గతి పట్టకూడదు. కానీ ఇంకో కారణం కూడా నడిచింది, అది సిగ్గు. బడిలో హాజరు పిలిచినప్పుడు క్లాసంతా నవ్వితే ఆ పిల్లాడు టి. నాయుడు అయ్యాడు, ఆ తర్వాత గెజిట్‌లో ఇంకేదో అయ్యాడు. చావు భయం పోయి వదిలేసిన పేరూ, ఎగతాళి భయంతో వదిలేసిన పేరూ ఒకటి కాదు. మనం రెంటినీ కలిపి "జనం మోడరన్ అయ్యారు" అని రాసేస్తున్నాం. అయ్యింది ఏమీ లేదు. న్యూమరాలజీ వాడికి డబ్బులిచ్చి స్పెల్లింగ్‌లో ఇంకో 'ఎ' చేర్పించుకుంటున్నవాళ్లది ఏం భయం? తవుడు చవక, అదే తేడా.

బ్యాంకు పని ఆ రోజు అవ్వలేదు. ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, పాస్‌బుక్‌లో ఒకటి, పెన్షన్ కాగితంలో ఇంకొకటి, ఒకచోట 'టి' పక్కన 'హెచ్' ఉంది, ఇంకోచోట లేదు. నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించాం, ఈ ముగ్గురు తవిటయ్యలూ నేనొక్కడినే అని. బస్టాండ్‌లో టీ తాగుతూ, పేరు మార్చుకోవాలని ఎప్పుడూ అనిపించలేదా చిన్నతాతా అని అడిగాను.

"మార్చడానికి నాదా ఏటి?" అన్నాడు. "కొన్నావిడిది."