సింగపూర్ యూనివర్సల్ ఒక్క రోజులో: ముందు ఇంట్లో పిల్లల ఎత్తు కొలవండి

సింగపూర్ ప్యాకేజీ ఏది తీసుకున్నా మధ్యలో ఎక్కడో "యూనివర్సల్ స్టూడియోస్, ఫుల్ డే" అని ఒక్క లైన్ ఉంటుంది, దాని కిందే మెర్లయన్ అనే సింహం తల, చేప ఒంటి విగ్రహం గురించి, గార్డెన్స్ బై ద బే గురించి బోలెడు రాస్తారు. నాకైతే ఇది తలకిందులు వ్యవహారంలా కనపడుతుంది. మెర్లయన్ దగ్గర ఎవరు ఎప్పుడు వెళ్లినా ఒకటే కదా, నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తాం, దానికి ప్లాన్ ఏముంటుంది. మొత్తం ట్రిప్‌లో బుర్ర పెట్టి ప్లాన్ చేసుకోవాల్సిన రోజు ఏదైనా ఉందంటే అది ఈ ఒక్క లైన్‌లో తేల్చేసిన రోజే, హాలీవుడ్ సినిమాల పేర్లతో రైడ్లు ఉండే ఈ థీమ్ పార్క్ రోజే. పెద్దవాళ్ల టికెట్టే మనిషికి 80 సింగపూర్ డాలర్లు దాటిపోయింది, నాలుగేళ్లు నిండిన పిల్లలకి కూడా టికెట్ తీయాల్సిందే, నలుగురున్న ఇంటికి అదెంత అవుతుందో లెక్క వేసుకోండి.

మనవాళ్లలో చాలామందికి ఇలాంటి చోట్లంటే రామోజీ ఫిల్మ్ సిటీ అలవాటు. 1,666 ఎకరాలు, బస్సు ఎక్కిస్తారు, గైడ్ చెప్పుకుంటూ పోతాడు, దిగమన్న చోట దిగుతాం, ఎక్కమంటే ఎక్కుతాం. ఆ అలవాటుతోనే యూనివర్సల్ ఉన్న సెంటోసా దీవికి కూడా వెళ్తే ఇబ్బంది. యూనివర్సల్ అంతా కలిపి 49 ఎకరాలు, మధ్యలో చెరువు లాంటిది, దాని చుట్టూ హాలీవుడ్, న్యూయార్క్, సై-ఫై సిటీ, ఈజిప్ట్, లాస్ట్ వరల్డ్, ఫార్ ఫార్ అవే, 2025లో కొత్తగా తెరిచిన మినియన్ ల్యాండ్, అంతే. ఎక్కడా ఆగకపోతే చుట్టూ తిరిగి రావడం పెద్ద పనేం కాదు. మ్యాప్ చూసి "ఓస్ ఇంతేనా, మధ్యాహ్నానికి అయిపోతుంది" అనుకుని తీరిగ్గా పదకొండున్నరకి వచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లే సాయంత్రం మూడు రైడ్లు ఎక్కి కాళ్లీడ్చుకుంటూ బయటికొస్తారు.

ఎందుకంటే అక్కడ రోజంతా కరిగిపోయేది నడకలో కాదు, లైన్లో. ఉదయం 10 నుంచి సాయంత్రం 7 దాకా తెరిచి ఉందనుకుందాం, తొమ్మిది గంటలు. అందులో తిండికో గంట, ఒక షోకి ముందు వెళ్లి కూర్చోవడంతో కలిపి ముప్పావుగంట, బాత్రూంలు, ఫోటోలు, లాకర్లు, పిల్లాడు ఏదో బొమ్మ దగ్గర మొండికేయడం, ఇవన్నీ తీసేస్తే మిగిలేది ఆరు గంటలు. రద్దీ రోజున పెద్ద రైడ్ దగ్గర గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే నిలబడాలి, రైడ్ మాత్రం కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. అంటే పెద్దవి ఐదో ఆరో. మిగతావి వదిలేసుకోవాలి, అవి ఏవో ముందే మీరు తేల్చుకోకపోతే అక్కడి లైన్లే తేలుస్తాయి. యూట్యూబ్‌లో "ఒక్క రోజులో అన్ని రైడ్లు" అని పెట్టే వీడియోలు చూసి వెళ్లేవాళ్లకి ఈ సంగతి అక్కడ గేటు దాటాక గానీ అర్థం కాదు.

ఇంకో విషయం, లైన్ పొడుగు చూసి అంచనా వేయకండి. లాస్ట్ వరల్డ్‌లో కెనోపీ ఫ్లయర్ అని పైన వేలాడుతూ వెళ్లే రైడ్ ఉంది, ఒక్కో బండిలో నలుగురే పడతారు. సై-ఫై సిటీలో ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్‌లో బండికి 12 మంది, ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. చూడ్డానికి రెండు లైన్లూ ఒకేలా ఉన్నా ఒకటి పాకుతుంది, ఒకటి నడుస్తుంది. అందుకే ఫ్లయర్ లాంటివి ఎక్కాలనుంటే పొద్దున్నే, లేదంటే దాని జోలికి పోవద్దు.

సరే, ఏది వదులుకోవాలో ఎలా తేల్చాలి? ఇక్కడే నా వాదన, టాప్ టెన్ లిస్టులు పక్కన పెట్టి ముందు టేపు తీసుకుని పిల్లల్ని గోడకి నిలబెట్టండి. బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా రోలర్ కోస్టర్‌కి 125 సెంటీమీటర్లు, ఈజిప్ట్‌లో ఉన్న రివెంజ్ ఆఫ్ ద మమ్మీ రైడ్‌కి 122, జురాసిక్ పార్క్ నీళ్ల రైడ్‌కి 107, ట్రాన్స్‌ఫార్మర్స్‌కి 102, కెనోపీ ఫ్లయర్‌కి 92. రైడ్ ఎక్కే చోట కొలిచి చూస్తారు, రెండు సెంటీమీటర్లు తక్కువైతే "అంత దూరం నుంచి వచ్చాం సార్" అని బతిమాలినా ఉపయోగం లేదు, సింగపూర్ అది. ఈ ఐదు అంకెలు మీ ఫ్రిజ్ మీద అంటించుకుంటే సగం ప్లాన్ అయిపోయినట్టే. మీ చిన్నోడు 100 సెంటీమీటర్లున్నాడనుకోండి, అక్కడ జనం ఎగబడే నాలుగూ వాడికి లేనట్టే, మీ రోజు ఫార్ ఫార్ అవే, మినియన్ ల్యాండ్, సెసమీ స్ట్రీట్ రైడ్, వాటర్‌వరల్డ్ షో చుట్టూ తిరుగుతుంది, అది కూడా మంచి రోజే, కాకపోతే ఆ సంగతి ముందే తెలిసి వెళ్లాలి. పెద్దది 130, చిన్నోడు 100 అయితే అసలు చిక్కు అక్కడే, అమ్మ ఒకరితో నాన్న ఒకరితో విడిపోవాల్సిందే. దీనికి చైల్డ్ స్విచ్ అని ఉంది, ఒకరు రైడ్‌కి వెళ్తే ఇంకొకరు పిల్లాడితో ఆగి, తర్వాత మళ్లీ మొత్తం లైన్ నిలబడకుండా మారొచ్చు, రైడ్ మొదట్లోనే స్టాఫ్‌ని అడగాలి. కాలేజీ కుర్రాళ్లయితే సింగిల్ రైడర్ లైన్ వాడుకోండి, ఖాళీ మిగిలిన ఒక్క సీట్లో కూర్చోబెడతారు, పక్కన ఫ్రెండ్ ఉండడు అంతే, ఎలాగూ అరుపుల్లో ఎవరికీ ఎవరూ గుర్తుండరు.

ఇక ఎక్స్‌ప్రెస్ పాస్. తిరుమలలో సర్వదర్శనం లైనూ, 300 రూపాయల టికెట్ లైనూ తెలిసినవాళ్లకి దీని గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, కొండమీద మాత్రం ఆ టికెట్‌కి ఓ టైమ్ ఇస్తారు, ఇక్కడ ఏ టైమ్‌లోనైనా ఆ పక్క లైన్లోకి పోవచ్చు. ఒక్కో రైడ్‌కి ఒక్కసారి వాడేది ఒకటి, ఎన్నిసార్లైనా వాడే అన్‌లిమిటెడ్ ఒకటి. రేటు రోజుని బట్టి మారుతుంది, రద్దీ రోజుల్లో టికెట్ ధరతో పోటీ పడుతుంది. మన ఏజెంట్లు దీన్ని అందరికీ అంటగట్టడం నాకు నచ్చదు. రద్దీ రోజున అందరూ 125 దాటిన గ్రూపు వెళ్తుంటే కొనండి, డబ్బు వృథా కాదు. అదే 105 సెంటీమీటర్ల పిల్లాడితో వెళ్లే కుటుంబం నలుగురికీ కొంటే, పాస్ బాగా పనికొచ్చే రైడ్లు చాలావరకు పిల్లాడు ఎక్కలేనివే, వాడితో పాటు ఒక పెద్దాళ్లు ఎప్పుడూ బయటే, ఆ డబ్బు దేనికి పెట్టినట్టు? మామూలు స్కూలు రోజు, మంగళవారమో బుధవారమో, గేటు తెరిచేసరికి వెళ్లగలిగితే చాలామందికి దాని అవసరమే రాదు.

రైడ్ల వరస మీద రెండు అభిప్రాయాలున్నాయి. ట్రాన్స్‌ఫార్మర్స్‌కి లైన్ ఎక్కువ కాబట్టి ముందు దానికే పరిగెత్తమని ఎక్కువమంది చెప్తారు. నేను ఒప్పుకోను. సింగపూర్ భూమధ్యరేఖ పక్కనే ఉంది, మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన ఎప్పుడైనా దంచుతుంది, మెరుపులుంటే బయట ఉన్న రైడ్లన్నీ ఆపేస్తారు. గెలాక్టికా బయటే, జురాసిక్ బయటే, కెనోపీ ఫ్లయర్ బయటే. ట్రాన్స్‌ఫార్మర్స్, మమ్మీ, ష్రెక్ 4-డి లోపలివి, వాన పడ్డా నడుస్తాయి, పైగా లైన్లో ఏసీ. కాబట్టి పొద్దున్నే గేటు దాటి కుడి వైపు న్యూయార్క్ మీదుగా సై-ఫై సిటీకి వెళ్లి గెలాక్టికా అవగొట్టి, అక్కణ్ణుంచి బయటి రైడ్లు ఒక్కోటీ చూసుకుంటూ పోయి, ఎండ మండి మబ్బు పట్టే టైమ్‌కి లోపలి వాటికి రావడమే తెలివైన పని. ట్రాన్స్‌ఫార్మర్స్ లైన్ మధ్యాహ్నం ఇంకాస్త పెరుగుతుంది, పెరగనివ్వండి, చల్లగా నిలబడతారు కదా. జురాసిక్‌లో మాత్రం తడిసి ముద్దవుతారు, ఫోన్‌కి ఓ ప్లాస్టిక్ కవరు, పిల్లలకి ఇంకో జత బట్టలు, అవి దాయడానికి లాకర్, కొన్ని రైడ్ల దగ్గర లాకర్ కొద్దిసేపు ఉచితం, టైమ్ దాటితే డబ్బు పడుతుంది.

ఏ నెలలో వెళ్తున్నారన్నది వీటన్నిటికంటే ముందు చూసుకోవాలి, మనవాళ్లు ఫ్లైట్ రేటు చూస్తారు గానీ అవతలి వాళ్ల స్కూలు క్యాలెండర్ చూడరు. మన వేసవి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి, సింగపూర్ స్కూళ్ల పెద్ద సెలవులు జూన్ నెల. అంటే మే మొదటి మూడు వారాల్లో వెళ్తే మనకి సెలవు, వాళ్లకి స్కూలు, జూన్‌లో వెళ్తే ఊరంతా అక్కడే. సంక్రాంతికి వెళ్లేవాళ్లకి కూడా బాగానే ఉంటుంది, అప్పటికి అక్కడ కొత్త టర్మ్ మొదలైపోయి ఉంటుంది, చైనీస్ న్యూ ఇయర్ దగ్గరపడకుండా మాత్రం చూసుకోవాలి. దసరా సెలవులకైతే ఒక మెలిక ఉంది, ఆ రోజుల్లో అక్కడ హాలోవీన్ హారర్ నైట్స్ అని రాత్రిపూట దెయ్యాల షోలు జరుగుతాయి, అవి ఉన్న రోజు మామూలు టికెట్ వాళ్లని తొందరగా బయటికి పంపేస్తారు, రాత్రికి వేరే టికెట్. పూర్తి డబ్బు కట్టి సగం సాయంత్రం పోగొట్టుకోవడం ఎందుకు, టికెట్ ఎలాగూ తేదీ వేసి కొనాలి కాబట్టి ఆ తేదీకి పార్క్ ఎన్నింటికి మూస్తారో చూశాకే డబ్బు కట్టండి.

దిగిన రోజే పార్క్‌కి వెళ్లే ప్లాన్‌కి అస్సలు ఒప్పుకోవద్దు. మన దగ్గర రాత్రి ఎక్కి అక్కడ పొద్దున దిగే ఫ్లైట్లలో నిద్ర ఎలాగూ ఉండదు, దానికి తోడు అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు.

వెళ్లడం మాత్రం తేలిక. మనవాళ్లు ఎక్కువగా దిగేది లిటిల్ ఇండియా, ముస్తఫా షాపింగ్ సెంటర్ వైపే, ఆ రెండూ ఉన్న నార్త్ ఈస్ట్ మెట్రో లైన్ తిన్నగా హార్బర్‌ఫ్రంట్ వెళ్తుంది, రైలు మారే పనే లేదు. అక్కడ వివోసిటీ మాల్ మూడో లెవెల్‌లో దీవికి వెళ్లే సెంటోసా ఎక్స్‌ప్రెస్ రైలు, మనిషికి 4 డాలర్లు, తిరిగొచ్చేటప్పుడు ఉచితం, లేదంటే పక్కన బోర్డ్‌వాక్ మీద నడిచి పోవచ్చు. పులిహోర పొట్లాలు మాత్రం హోటల్లోనే అవగొట్టండి, బయటి తిండి లోపలికి రానివ్వరు. నీళ్ల సీసా తీసుకెళ్లొచ్చు, సింగపూర్ కుళాయి నీళ్లు తాగే నీళ్లే. లంచ్ పదకొండున్నరకే కానిచ్చేస్తే అక్కడా లైన్ తప్పుతుంది.

పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు ఒకటి ఆలోచించాలి. నానమ్మకీ తాతయ్యకీ కూడా టికెట్ తీసి రోజంతా బ్యాగుల కాపలా పెట్టడం మన దగ్గర మామూలైపోయింది, వాళ్లు కూడా "మాకేంలేరా, మీరు వెళ్లిరండి" అంటూ ఎండలో బెంచీ మీద కూర్చుంటారు. పార్క్ పక్కనే ఓషనేరియం ఉంది, ఏసీలో నెమ్మదిగా చేపలు చూసుకుంటూ తిరగొచ్చు, దీవి లోపల ఎక్స్‌ప్రెస్ రైలు ఉచితమే కాబట్టి బీచ్ దాకా పోయి రావొచ్చు. మోకాళ్ల నొప్పులుంటే యూనివర్సల్ కంటే అదే వాళ్లకి హాయి, కాకపోతే ఈ మాట ఇంట్లోనే మాట్లాడుకోవాలి, గేటు ముందు కాదు.

గ్రూప్ టూర్‌లో వెళ్తుంటే ఏజెంట్‌ని రెండే రెండు ప్రశ్నలు అడగండి, బస్సు గేటు దగ్గర ఎన్నింటికి దింపుతుంది, ఎన్నింటికి ఎక్కించుకుంటుంది. పదకొండుకి దింపి ఐదుకి రమ్మంటే అది ఫుల్ డే కాదు, తెరవగానే ఉండే ఖాళీ గంటా, సాయంత్రం బస్సులు వెళ్లిపోయాక లైన్లు పలచబడే చివరి గంటా రెండూ మీ టికెట్‌లోంచి తీసేసినట్టే. రిటర్న్ బస్సు వద్దని చెప్పేయండి, రైల్లో మేమే వస్తామనండి. డిన్నర్ ప్యాకేజీలో ఉంది కదా అంటారు, ఆ ఒక్క పూటా పోతే పోనివ్వండి, లిటిల్ ఇండియాలో రాత్రి ఎన్నింటికి దిగినా దోశ దొరుకుతుంది.