ప్యాకింగ్ సరిగా లేదట!

బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసిన వీణను హైదరాబాదులో ఉన్న మా మేనకోడలికి పార్సిల్ సర్వీసులో పంపితే, అది దండి (మెట్లుండే పొడవాటి మెడ భాగం) దగ్గర పగిలి చేరింది. నష్టపరిహారం అడిగితే, ప్యాకింగ్ సరిగా లేదన్న ఒక్క వాక్యంతో తిరస్కరించారు. ఆ ప్యాకింగ్ చేసింది విజయనగరం కౌంటరులోని వారి మనిషే. అందుకు విడిగా వసూలు చేసిన సొమ్ము రసీదులోనే ఉంది. ఫొటోలు రెండుసార్లు పంపాను, చూసినవారెవరో దేవుడికే తెలియాలి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం, సరుకు దెబ్బతింటే రవాణాదారు నిర్లక్ష్యాన్ని నిరూపించవలసిన భారం మనపై లేదు. అయితే దావాకు ముందు, బుక్ చేసిన 180 రోజులలోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును నిన్ననే పంపాను, స్పీడ్ పోస్టులో.