పెచ్చులూడిన గోడకు నలభై ఫొటోలు

(కొడుకు దగ్గరికి బెర్లిన్ వచ్చిన దంపతులు. ఊరవతల బేలిట్స్ అడవిలో పాడుబడ్డ క్షయ ఆసుపత్రి, గైడుతో లోపలికి వచ్చారు. ఆయన కెమెరాను స్టాండుకు బిగించాడు. ఆవిడ చేతిలో పులిహోర డబ్బా. అది లేకుండా ఆవిడ స్వర్గానికైనా బయల్దేరదు.)

సూర్యం: కదలకు! మూడు సెకన్ల ఎక్స్‌పోజర్. స్టాండు కదిలితే ఫొటో అలుక్కుపోతుంది.

కామేశ్వరి: నేనెక్కడ కదిలాను? ఊపిరి పీల్చుకున్నాను.

సూర్యం: ఆ గోడ చూడు. ఆకుపచ్చ పెయింటు పెచ్చులు లేచి, కింద సున్నం, దాని కింద ఇటుక. కిటికీలోంచి ఏటవాలు వెలుగు... ఏం అందం!

కామేశ్వరి: వేగిన అప్పడం అంచులా చుట్టుకుపోయింది. కాలు పెడితే కరకరమంటోంది కూడా.

సూర్యం: 1898లో కట్టడం మొదలుపెట్టారు. అప్పట్లో టీబీకి మందెక్కడిది? గాలి, ఎండ, మంచి తిండి. రోగుల్ని వరండాల్లో వరసగా పడుకోబెట్టేవారు.

కామేశ్వరి: పడక్కుర్చీలో పడుకుని వేళకు తినడమేనా? రిటైరయ్యాక మీరు చేస్తున్నదీ అదే. మీది ఏ జబ్బుకో?

సూర్యం: రోడ్డుకు ఒక పక్క ఆడవాళ్ల వార్డులు, రెండో పక్క మగవాళ్లవి.

కామేశ్వరి: అందుకే కోలుకునుంటారు.

సూర్యం: 1916లో గాయపడ్డ సిపాయిగా హిట్లర్ ఇక్కడే చేరాడు.

కామేశ్వరి: బాగుచేసి పంపేశారా? ఆ ఒక్కణ్ణీ ఇంకొన్నాళ్లు ఉంచుకోవాల్సింది.

సూర్యం: 1945 తర్వాత సోవియట్ సైన్యం దాదాపు 50 ఏళ్లు వాడుకుంది. వాళ్లు వెళ్లిపోయాక ఇదిగో, ఇలా.

(బయట. చెట్ల కొమ్మల ఎత్తున కట్టిన నడకవంతెన.)

సూర్యం: అదే ఆల్పెన్‌హౌస్, ఈ ఆసుపత్రి భవనాల్లో ఒకటి. యుద్ధం చివర్లో కాలిపోయింది. డాబా మీద అడవే మొలిచింది చూడు!

కామేశ్వరి: మన తెనాలి ఇంటి పిట్టగోడలో జానెడు రావి మొక్క మొలిస్తే, ఇల్లు కూలిపోతుందని అయిదొందలిచ్చి పీకించారు. వీళ్లు టికెట్టు పెట్టి చూపిస్తున్నారు. ఇంతకీ టికెట్టెంత?

సూర్యం: చెప్పను. రూపాయల్లోకి మారుస్తావు.

కామేశ్వరి: పెచ్చులూడిన గోడకు నలభై ఫొటోలు తీశారు. పొద్దుట్నుంచి నాకు ఒక్కటి తీశారా?

సూర్యం: నువ్వింకా శిథిలం కాలేదు కదే!

కామేశ్వరి: (కాస్త ఆగి) ఇది పొగడ్తేనా?

సూర్యం: అలా నిలబడు, తీస్తాను.

(తీశాడు. ఆవిడ కళ్లజోడు సర్దుకుని స్క్రీన్‌లోకి వంగి చూసింది.)

కామేశ్వరి: చెట్లు పడ్డాయి. కిటికీలు పడ్డాయి. నేనెక్కడ?

సూర్యం: అదిగో, ఎడమ మూల.

కామేశ్వరి: అది పులిహోర డబ్బా!